నీళ్లను పెళ్లాడిన సనోబర్

మా సనోబర్ వదిన ఒక్క పనికీ పనికిరాదని ఊరంతా అనేది. నేనూ అన్నాను. అబద్ధం దేనికి, అందరికంటే గట్టిగా అన్నదాన్ని నేనే.

తివాచీ మగ్గం ముందు కూర్చోబెడితే ముడి వెయ్యడం మానేసి గోడకేసి చూస్తూ ఉండిపోయేది. గులాబీ రావలసిన చోట ఏదో ఎర్రటి ముద్ద తేలేది. "తల్లీ, నీకో దండం, ఇంటికి పో" అంది మగ్గం యజమానురాలు. రొట్టెల పొయ్యి దగ్గర పెడితే రొట్టెలన్నీ బొగ్గులు. ఆడవాళ్ల స్నానశాలలో వీపులు రుద్దమంటే ఆ ఆవిరిలో ఊపిరాడదని మధ్యలోనే బయటికొచ్చి మెట్ల మీద కూర్చునేది. లోపల ఒంటినిండా సబ్బు నురగతో ఊరిపెద్ద పెళ్లాం "ఎక్కడ చచ్చావే!" అని కేకలు పెట్టేది. మా దర్రెబీద్‌లో ఆడదానికి పని అంటూ ఉంటే అవే. అన్నిట్లోంచీ బయటపడింది.

"ఈవిడని ఎందుకు కట్టుకున్నావన్నా, అలంకారానికా?" అని మా అన్న యదుల్లాని ఏడిపించేదాన్ని.

"దీపంలో వత్తి చక్కగా వేసిపెడుతుందే. నాకు అది చాలు" అని నవ్వేవాడు.

మా అన్న ఖనాత్ పనివాడు. కొండ కడుపులో ఊరే నీళ్లు నేల కింద సొరంగంలో నడిచొచ్చి మా ఊరి పై వీధిలో బయటపడతాయి. ఆ సొరంగమే ఖనాత్. మాకు మరో నీటి చుక్క లేదు. సొరంగం పొడుగునా పైనుంచి బావులు దించి ఉంటాయి. పనివాడు ఆ బావుల్లోంచి దిగి పూడిన మట్టి ఎత్తిపోయాలి, కూలేలా ఉన్న చోట మట్టి వరలు పేర్చాలి. తెల్లబట్టలు కట్టుకుని దిగుతారు. కింద ఏదన్నా జరిగితే అవే కఫన్ గుడ్డలు, శవానికి చుట్టేవి. వాళ్లలో ఒక కట్టు ఉంది. దిగే ముందు "ఇవాళ నాకు బాగోలేదు" అన్నాడంటే ఆ రోజు వాణ్ణి దించకూడదు. ఎందుకని అడగనుకూడదు. రాజు దిగొచ్చి చెప్పినా అంతే.

ఆ రోజు మా అన్న ఆ మాట అన్నాడు. చంకలో పిల్లతో, చేతిలో రొట్టె మూటతో బావి దగ్గరే ఉన్నాను నేను. నా చెవులతో విన్నాను. గిలక తిప్పడానికి ఊరిపెద్ద మష్ది సఫర్ తనే వచ్చి నిలబడ్డాడు. తోటలో ఆయన దానిమ్మలు వాడిపోతున్నాయి మరి.

"బాగోలేదంటే దానిమ్మలు ఆగుతాయిట్రా? పురిటికొచ్చిన ఆడదానిలా ఏమిటా వేషాలు?" అన్నాడు సఫర్.

అన్న ముఖం ఎర్రబడింది. నాకేసి చూసి "రొట్టె అక్కడ పెట్టవే, వచ్చి తింటాను" అన్నాడు. దిగాడు. కాసేపటికి నా కాళ్ల కింద నేల కదిలింది. బావి నోట్లోంచి దుమ్ము లేచింది. సఫర్ తాడు లాగుతుంటే వట్టి తాడు పైకొచ్చింది.

నేను ఎలా ఏడ్చానో చెప్పను. మీకు దేనికి అదంతా. తర్వాత జరిగింది చెప్తాను, అది ఏడుపు కంటే ఘోరం.

నీళ్లలో శవం ఉందంటే ఆ నీళ్లు ఎవడు తాగుతాడు? ఎవడు వాటితో ముఖం కడుక్కుని నమాజుకి నిలబడతాడు? ముల్లాగారు, పాపం, చెప్పాడు, పారే నీళ్లు, రంగు మారనంతవరకూ శుద్ధమేనని. శాస్త్రం ఒప్పుకున్నా గొంతు ఒప్పుకోవద్దూ? తవ్వి తీద్దామంటే ఆ కూలిన చోట దిగడానికి ఒక్క మగాడూ ముందుకు రాలేదు. అప్పుడు సఫర్ నోరు తెరిచాడు. "యదుల్లా వెనక బావిలోంచి ఎక్కొచ్చేశాడు. నేను చూశాను. ఈ పని విసుగొచ్చిందట. అబాదాన్ పోయాడు, చమురు కంపెనీలో కూలికి."

ఊరు ఊరంతా ఆ మాటని చంటిపిల్లలా ఎత్తుకుంది. వారం తిరిగేసరికి యదుల్లాని బస్సెక్కుతుండగా చూసినవాళ్లు కూడా తయారయ్యారు. నేను వీధిలో నిలబడి అరిస్తే "నువ్వేం చూశావు తావూస్, ఆ దుమ్ములో?" అని నన్నే జాలిపడ్డారు. ఒళ్లు మండిపోయింది. ఆ రోజునుంచీ ఆ ఖనాత్ నీళ్లు నా గొంతు దిగలేదు. గాడిద మీద తోలుతిత్తులు వేసుకుని కొండ అవతలి ఊటకి పోయి నీళ్లు తెచ్చుకునేదాన్ని. "అదిగో పోతోంది మహారాణి, మన నీళ్లు ఆవిడకి పనికిరావు" అని వెనకనుంచి దెప్పేవాళ్లు. దెప్పుకోండి! మా అన్నని తాగమంటారా నన్ను?

కూలిన మట్టి నీళ్లకి అడ్డం పడింది కదా. చలికాలం గడిచేసరికి ధార సన్నబడింది. వసంతానికి నూలుపోగంత అయింది. మా వైపు ఖనాత్‌ని మగాడంటారు. ఒంటరిగా ఉంటే అలుగుతాడు, నీళ్లు బిగబట్టుకుంటాడు. అందుకని ఒక విధవనిచ్చి పెళ్లి చేస్తారు. ఆవిడ ఆ నీళ్లలో స్నానం చెయ్యాలి, మళ్లీ మగాణ్ణి చేసుకోకూడదు. కోతలప్పుడు ఇంటింటివాళ్లూ ఆవిడకి గోధుమలు కొలుస్తారు. పాత పెళ్లాం ముసలమ్మ ఎప్పుడో పోయింది. కొత్తదాన్ని వెతుకుతుంటే మా వదిన తనంతట తనే మసీదు ముందుకెళ్లి నిలబడింది.

"నేను చేసుకుంటాను" అంది.

సఫర్‌కి చెమటలు పట్టాయి. "నువ్వెలా? నీ మొగుడు బతికే ఉన్నాడు కదమ్మా, అబాదాన్‌లో..."

"అయితే కబురు చెయ్యి బాబాయ్, వచ్చి నన్ను ఏలుకోమను. లేకపోతే ఇంకోదాన్ని వెతుక్కో" అని వచ్చేసింది. ఊళ్లో ఉన్న మరో విధవ మంచం మీంచి లేవలేని మనిషి.

నాలుగు రోజుల్లో కబురు రానే వచ్చింది. ఎవడో లారీవాడు తెచ్చాడట. యదుల్లా అబాదాన్‌లో జ్వరమొచ్చి పోయాడట. పంపించిన చోటే చంపేశారు! పోయినవాడి పేర హల్వా వండి ఇంటింటికీ పంచారు. నా గుమ్మంలోకొచ్చిన పళ్లెం తీసి వీధిలో విసిరికొట్టాను. అక్కణ్ణుంచి తిన్నగా వదిన ఇంటికి పోయాను.

"సిగ్గు లేదూ నీకు? మా అన్నని మింగినదాన్ని కట్టుకుంటావా? ఆ అబద్ధానికి తలూపుతావా?"

వదిన మా అన్న పాత తెల్లచొక్కాకి చేతులు కురచ చేస్తోంది. తలెత్తలేదు. "ఖనాత్ పెళ్లాం ఎప్పుడు కావాలంటే అప్పుడు నీళ్లలోకి పోవచ్చు. ఎవడూ అడ్డం రాకూడదు. అది కట్టు. ఇప్పుడు అర్థమైందా నీకు?"

వదిన పక్కన కూలబడ్డాను. "తెచ్చిస్తావా వదినా? అమ్మ పక్కన పడుకోబెట్టుకుంటాను. ఒక్క ఎముకైనా చాలు."

"వెతుకుతాను తావూస్ జాన్" అంది. తెస్తానని అనలేదు. అది నేను ఆ రోజు పట్టించుకోలేదు.

డప్పు కొట్టి పెళ్లి చేశారు. ముల్లాగారు ఈ వేడుక తనకి తెలీదన్నట్టు పక్క ఊరెళ్లి కూర్చున్నాడు. నూలుపోగంత ధారలో వదిన స్నానం చేసొచ్చింది. మర్నాడు పొద్దున్నే అన్న చొక్కా తొడుక్కుని, నెత్తికి తెల్లగుడ్డ చుట్టి, దీపం, గునపం పట్టుకుని బావి దగ్గరికి బయల్దేరింది. ఊరు గగ్గోలెత్తింది. ఆడది సొరంగంలోకా! సఫర్ దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"మొగుడింటికి పోతున్నాను బాబాయ్. కాపరం ఎలా చెయ్యాలో నువ్వు చెప్తావా ఏమిటి?"

ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. సఫర్ పక్కకి తప్పుకున్నాడు. గిలక దగ్గరికి మాత్రం ఒక్కడూ రాలేదు. నేను చెప్పులు విడిచి గిలకకి ఎదురుగా కూర్చుని, కాళ్లతో తోసి తిప్పే దాని కొయ్యల మీద పాదాలు ఆనించాను. మా ఆయన ఇంట్లో వంటెవరు చేస్తారని గొణిగాడు. నువ్వే చేసుకో అన్నాను.

అలా మొదలైంది. మొదట్లో మేమిద్దరం చచ్చి బతికాం. తాడు ఎంత వదలాలో నాకు తెలీదు, వర ఎలా నిలబెట్టాలో దానికి తెలీదు. పైకొచ్చిన ప్రతి తోలు బొక్కెననీ నేల మీద పోసి వేళ్లతో చిదిమి చూసేదాన్ని. గులకరాయి తెల్లగా కనిపిస్తే ఎముకేమోనని కడిగి చూసేదాన్ని. సాయంత్రం అది పైకొచ్చాక "కనపడ్డాడా?" అని అడిగేదాన్ని. తల అడ్డంగా ఊపేది.

నీళ్లు మాత్రం తిరిగొచ్చాయి. ముందు వేలంత, తర్వాత చెయ్యంత. ఊరు మా ఖనాత్‌కి పెళ్లాం నచ్చిందంది. దానికి గోధుమలు కొలిచేవాళ్లు ఇంకో దోసెడు ఎక్కువే పోసేవాళ్లు.

సనోబర్ మారిపోయింది. మగ్గం ముందు గోడలు చూస్తూ కూర్చున్న మనిషేనా ఇది అనిపించేది. బావిలోంచి పైకి వచ్చినప్పుడు ఒళ్లంతా బురద, ముఖంలో మాత్రం కడుపునిండా తిన్నవాళ్లకుండే శాంతి. కొండ అవతల ఊళ్లవాళ్లు తమ ఖనాత్‌లు ఎండిపోతే దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. మగవాళ్లు గుమ్మం బయట టోపీలు చేత్తో పట్టుకుని నిలబడేవాళ్లు. ఇది టీ తాగుతూ మీ సొరంగంలో గాలి ఎటునుంచి వస్తోంది, మట్టి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏం వాసన అని అడిగేది. నాకు గర్వంగా ఉండేది. కడుపు మండేది కూడా.

"స్నానశాలలో ఊపిరాడదన్నావు. ఆ చీకటి కన్నంలో ఆడుతుందా?" అని ఓసారి అడిగాను.

"అక్కడే ఆడుతుంది తావూస్. పైన నేను ఏం చేసినా ఎవరో ఒకరు చూస్తుంటారు, నా చేతులు తడబడతాయి. కింద నా చేతులకి పని తెలుసు. దిగిన మొదటి రోజే తెలిసింది, నేను ఇన్నాళ్లూ వెతుక్కున్న చోటు ఇదేనని." అని తల దించుకుంది. "ఆ చోట్లోనే ఆయన పోయాడు. ఇలా అనిపించడం పాపమేమో. నాకు తెలీదు."

నాకూ తెలీలేదు. లేచి ఇంటికొచ్చేశాను.

ఇంకో సంగతుంది. చెప్తే నవ్వుతారు, నవ్వండి. గిలక దగ్గర కూర్చుంటే కిందనుంచి గునపం దెబ్బ వినిపించేది. ఠక్. దాని వెనకే ఇంకోటి, ఠక్. మెత్తగా, కొంచెం ఆలస్యంగా. మా అన్నది ఎడమచేతి వాటం. ఆయన దెబ్బలో చివర చిన్న ఈడ్పు ఉండేది. ఆ రెండో దెబ్బలో ఆ ఈడ్పు ఉంది. బావి నోట్లో తలపెట్టి "ఎవరే అక్కడ?" అని అరిచేదాన్ని. చప్పుళ్లు రెండూ ఆగిపోయేవి. "ఎవరుంటారు? గోడ, గోడ!" అని దాని గొంతు పైకొచ్చేది. బట్టలుతికే రేవులో ఆడవాళ్లు కూడా చెప్పుకునేవాళ్లు, నీళ్లలో మగమనిషి దగ్గు వినపడిందని. నీళ్లు అన్నాక చప్పుడు చెయ్యవా అని కసిరి పంపేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుని వణికేదాన్ని.

ఏళ్లు గడిచాయి. సఫర్ పోయాడు. చివరి రోజుల్లో ఆయన కూడా ఆ నీళ్లు తాగలేదనీ, దానిమ్మరసంతో పెదాలు తడుపుకున్నాడనీ విన్నాను. ఆయన కొడుకు ఖంబర్ ఊరిపెద్ద అయ్యాడు. మంచివాడే. నా మోకాళ్లు అరిగిపోయాక గిలక తిప్పడం వాడే మొదలెట్టాడు. నేను పక్కన కూర్చుని మట్టి చిదిమేదాన్ని. చుట్టుపక్కల మోటారు బావులొచ్చి ఎన్ని ఖనాత్‌లు చచ్చిపోయాయో! మాది బతికింది. కనపడ్డాడా అని అడగడం మాత్రం నేను ఏనాడో మానేశాను. మట్టి చిదమడం మానలేదు.

పోయిన శరత్కాలంలో ఒక పొద్దున వదిన పక్కమీంచి లేవలేదు. నేను టీ పట్టుకుని వెళ్తే నా చెయ్యి పట్టుకుంది. దాని చేతులు ఎప్పుడూ బావిలా చల్లగా ఉండేవి, ఆ రోజు కాలిపోతున్నాయి.

"తావూస్, ఇవాళ నాకు బాగోలేదు" అంది.

ఇన్నేళ్లలో దాని నోట ఆ మాట వినలేదు. టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఒక వర పగిలింది. నిన్న చూశాను. నేనిక దిగలేను, నువ్వు దిగాలి. ఖంబర్‌ని దించకు. ఎవర్నీ దించకు."

"నేనా? ఈ వయసులో? ఏ వర? ఎక్కడ?"

"యదుల్లా దగ్గర."

అది కళ్లు మూసుకునే చెప్పింది. రెండో ఏటే దొరికాడట. మట్టి ఆయన్ని అలాగే పొదివి పట్టుకుని ఉందట.

"రెండో ఏటేనా?" నా అరుపుకి వీధిలో కుక్కలు మొరిగాయి. "ఇన్నేళ్లూ నన్ను ఆ బురద చిదమనిచ్చావా? నా గోళ్లు చూడవే! నువ్వసలు మనిషివేనా?"

"నీకు చెప్తే అరుస్తావు. ఇదిగో, ఇలాగే. ఊరు వింటుంది. ఆయన్ని పైకి తెస్తే శవం నానిన నీళ్లని ఖనాత్‌ని పూడ్చేస్తారు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇంకోటి కూడా ఉంది. అది కూడా విను. మొదట ఆయన కోసమే దిగాను. తర్వాత పని కోసం దిగాను. ఆయన పైకొచ్చేస్తే నన్ను ఎవరు దిగనిస్తారు? మళ్లీ ఆ మగ్గం ముందు కూర్చోవాలి. నావల్ల కాలేదు తావూస్. తిట్టు, పడతాను."

తిట్టాను. నోటికొచ్చినవన్నీ తిట్టాను. ఏడుస్తూనే దాని తెల్లచొక్కా తొడుక్కున్నాను. పెట్టెలో నా కోసం దాచుకున్న కఫన్ గుడ్డ తీసి నడుముకి చుట్టుకున్నాను. వర సంగతి నాకనవసరం. మా అన్నని మూటగట్టి పైకి తెస్తాను, ఊరి మధ్య పెడతాను, చూడండిరా మీ అబాదాన్ అంటాను. అదొక్కటే ఉంది నా బుర్రలో.

ఖంబర్ వద్దు పెద్దమ్మా, నీకు పిచ్చా అన్నాడు. వాడి మీద కూడా అరిచాను. దించాడు. ముసల్దాన్ని బావిలోకి దించుతున్నారంటే ఊరు ఊరుకుంటుందా? నేను కిందికి పోతుండగానే పైన జనం పోగయ్యారు.

కింద చీకటి ఉంటుందనుకున్నాను, భయం ఉంటుందనుకున్నాను. దీపం ఎత్తి చూద్దును కదా, ఇల్లు! మట్టి వరలు ఒకదాని పక్కన ఒకటి, పళ్ల వరసలా. దీపం పెట్టుకోవడానికి గూడు, కూర్చోడానికి మట్టి అరుగు, అరుగు మీద బోర్లించిన టీ గ్లాసు. ఎవరో చీపురుతో ఊడ్చినంత శుభ్రం. మగ్గం మీద ఒక్క గులాబీ నెయ్యలేని మనిషి చేతి పని అది. నడుం వంచుకుని ముందుకి నడిచాను. ఒకచోట సొరంగం రెండుగా చీలింది. నీళ్లు కుడివైపు కొత్త దారిలోంచి వస్తున్నాయి. ఎడమవైపు పాత దారి, పొడిగా, వరలతో మూసి ఉంది. అప్పుడు తెలిసింది నాకు. వదిన అన్నేళ్లూ తవ్వింది దీన్నే. ఆయన్ని తాకకుండా నీళ్లు చుట్టూ తిరిగి పోయేలా కొండని తొలిచి మరో దారి వేసింది. ఆ దారి పడ్డాక ఊరు తాగిన నీళ్లు మా అన్నని ముట్టుకోలేదు.

పగిలిన వర సందులోంచి లోపలికి దీపం పెట్టి చూశాను. తెల్లగుడ్డ. గునపం కామ. గోడకి ఇవతల ఇంకో గూడు, అందులో చిన్న దీపం, చక్కగా వేసిన వత్తి. ఆ గోడ ఒకచోట అరచేయి మేర నున్నగా అరిగిపోయి ఉంది. నా అరచేయి ఆ చోట ఆనించాను. "అన్నా, నీ రొట్టె పైనే ఉండిపోయింది" అన్నాను. ఏడ్చాను. గోడ నా మాట తిరిగి ఇచ్చింది, కొంచెం ఆలస్యంగా.

పగులులోంచి నీళ్లు సన్నగా లోపలికి కారుతున్నాయి. ఇంకొన్నాళ్లు పోతే ఆయన్ని తడుపుతాయి. ఊరి పై వీధిలోకి మోసుకుపోతాయి కూడా. నడుముకున్న గుడ్డ విప్పాను. దాన్ని సందులోంచి లోపలికి పరిచి ఆయన మీద కప్పాను. బంకమట్టి తీసుకుని పగులు పూడ్చాను. ఇన్నేళ్లు మట్టి చిదిమిన వేళ్లు కదా, వాటికి చెప్పక్కర్లేకపోయింది. తాడు లాగాను.

పైకి రాగానే అందరూ చుట్టూ మూగారు. ఆడవాళ్లు నోటికి చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. ఊళ్లో అందరికీ తెలుసు నేను ఇన్నేళ్లూ ఏం వెతికానో.

"పెద్దమ్మా, నడుముకి ఏదో గుడ్డ కట్టుకుని దిగావు, ఏది?" అన్నాడు ఖంబర్. వాడి గొంతు అచ్చం వాళ్ల నాన్నదే.

"తడిసింది. వదిలేశాను."

"కింద... ఏమన్నా కనపడిందా?"

ఎవరి ఇంటిదో నీళ్ల కూజా అక్కడుంది. ఖనాత్ నీళ్లు. చేతిలోకి తీసుకున్నాను. మూతి తుడిచి, ఎత్తి, వాళ్లందరూ చూస్తుండగా కడుపునిండా తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇన్నేళ్లు ఎంత తియ్యటి నీళ్లు పోగొట్టుకున్నానో అనిపించింది.

"ఏముంటుందిరా అక్కడ? మా వదిన కట్టిన ఇల్లుంది" అన్నాను. "మా అన్న అబాదాన్‌లో పోయాడు కదా."